మోషన్ సంగతి అడిగే ఉద్యోగం

చుట్టాల పెళ్లిళ్లలో నా ఉద్యోగం గురించి ఎవరూ రెండో ప్రశ్న వేసేవారు కాదు. "దేనికి డాక్టరమ్మా నువ్వు?" అనేవారు. "పొట్టకీ పేగులకీ" అనేదాన్ని. "ఓహో" అని మాట మార్చేసేవారు. భోజనాలయ్యాక చేతులు కడుక్కునే దగ్గర మాత్రం ఒక్కొక్కరే నా పక్కకి చేరి, గొంతు తగ్గించి, "ఏం లేదండీ, చిన్న డౌటు" అని మొదలుపెట్టేవారు.

ఆ చిన్న డౌట్లతోనే నా సర్వీసంతా గడిచింది. తొంభైల మొదట్లో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఇప్పుడు అక్కడ చేరుతున్న కుర్ర డాక్టర్లు "మేడం, మాకు పనికొచ్చేవి ఏవైనా రాసిపెట్టండి" అని అడుగుతున్నారు. గొట్టం ఎలా వెయ్యాలో, ఏ మందు ఎంత మోతాదో మీకు నాకన్నా బాగా తెలుసు. తెలియకపోతే పుస్తకాల్లో ఉంది. నేను ఇద్దరు పేషెంట్ల గురించి రాస్తాను. ఇద్దరిదీ ఏళ్ల తరబడి వదలని పేగు జబ్బే, ఇద్దరికీ మలబద్ధకమే. ఒకరికి మేలు చేసిందే రెండోవారి ప్రాణం మీదికి తెచ్చింది. పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగిందే.

మగ డాక్టరు లేరా?

కరీముల్లా గారిది వన్ టౌన్‌లో గోనెసంచుల వ్యాపారం. కోతల సీజనులో డెల్టా రైతుల్లో సగంమంది ఆయన గొడౌను గుమ్మం తొక్కాల్సిందే. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ లాల్చీ, నెమ్మదైన మాట. ఆయన్ని నా గదిలోకి తీసుకొచ్చింది భార్య జుబేదా గారు. తీసుకొచ్చారు అనడం కన్నా తోసుకొచ్చారు అంటే సరిపోతుంది. నన్ను చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

"మగ డాక్టరు లేరా అమ్మా?"

"పెద్ద డాక్టరుగారు ఊరెళ్లారండీ. వచ్చేవారం వస్తారు."

"అయితే మేమూ వచ్చేవారమే వస్తాం."

జుబేదా గారు తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డారు. "వచ్చేవారం దాకా మీ బాధ ఎవరు చూస్తారు? మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అన్నారు భర్తతో.

ఆయన కూర్చున్నారు. చెప్పింది మాత్రం ఆవిడే. ఏడాది పైగా ఆయన మాటిమాటికీ లెట్రిన్‌కి పరిగెడుతున్నారు. వెళ్లిన ప్రతిసారీ కాస్త రక్తం, కాస్త జిగురు. మొదట మొలలనుకున్నారు. గోడల మీద 'ఆపరేషన్ లేకుండా మొలలు నయం' అని రాసి ఉంటే ఆ అడ్రసు పట్టుకుని వెళ్లారు. అక్కడ ఏదో కాల్చారు, బాధ రెట్టింపయింది. తర్వాత మా పెద్ద డాక్టరుగారి దగ్గరికి వచ్చారు. ఆయన గొట్టం వేసి చూసి, పెద్దపేగు చివర వాపూ పుండ్లూ ఉన్నాయనీ, ఇది దీర్ఘకాలం ఉండే జబ్బనీ చెప్పి మందులు రాశారు. వాటితోపాటు విరేచనాలు కట్టడానికి కూడా మాత్రలు రాశారు. కరీముల్లా గారికి ఆ చివరి మాత్రల మీదే గురి కుదిరింది. మందుల షాపులో సొంతంగా కొనుక్కుని మరీ మింగుతున్నారు. గొడౌనులో లెట్రిన్ లేదని మంచినీళ్లు మానేశారు. అన్నం పిడికెడుకి తగ్గింది. అయినా పొట్ట మాత్రం ఉబ్బుగానే ఉంది.

"నమాజుకి ముందు కాళ్లూచేతులూ కడుక్కుని, వజూ చేసుకుని నిలబడతారమ్మా, మధ్యలోనే పరుగు. మళ్లీ కడుక్కుని వస్తారు, మళ్లీ పరుగు. ఇప్పుడు మసీదుకే వెళ్లడం మానేశారు" అన్నారు జుబేదా గారు.

కరీముల్లా గారు మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఆయన అసలు జబ్బు నాకు అప్పుడు కనిపించింది. రక్తం పోతోందని కాదు ఆయన దిగులు. తను శుభ్రంగా లేనన్నది ఆయన దిగులు.

పడుకోమని పొట్ట తడిమాను. ఎడమవైపు కింద నొక్కితే నొప్పన్నారు. కుడివైపు నా వేళ్లకి ముద్దముద్దగా, బంకమట్టిలా తగిలింది.

"గట్టిగా మోషన్ అయ్యి ఎన్నాళ్లయిందండీ?"

ఆయన నన్ను విచిత్రంగా చూశారు. "రోజంతా వెళ్తూనే ఉన్నానని చెబుతుంటే గట్టిగా ఎప్పుడయిందని అడుగుతారేంటమ్మా?"

"వెళ్తున్నారు, సరే. రక్తం, జిగురు కాకుండా ఏమొస్తోంది?"

"ఏమీ రావట్లేదమ్మా" అన్నారు. ఆ మాట ఆయనకే కొత్తగా వినపడినట్టుంది.

పెద్దాయన కోపం

పొట్ట ఎక్స్‌రే తీయించాను. కుడివైపు పెద్దపేగు నిండా గట్టిపడిన మలం. విరేచనాలు కట్టే మాత్రలు ఆపించి, మలాన్ని మెత్తబరిచే తియ్యటి సిరప్ రాసి, నీళ్లు తాగమని చెప్పి పంపాను.

మా పెద్దాయన ఆ తర్వాతి వారం వచ్చారు. ఆయనకి కోపం జాస్తి. మెట్ల దగ్గర ఆయన దగ్గు వినపడితే నర్సులు కుర్చీల్లోంచి లేచి నిలబడేవాళ్లు. కేసు విని, "రక్తవిరేచనాల పేషెంటుకి విరేచనాల మందు ఇచ్చావా? ఎవరు చెప్పారు నీకు?" అన్నారు అందరి ముందూ.

నేను ఎక్స్‌రే తీసి లైటు ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని, దగ్గరికి వెళ్లి, దూరంగా వచ్చి, మళ్లీ దగ్గరికి వెళ్లి చూశారు.

"పొట్ట ఎవరు తడిమారు?"

"నేనే సార్."

"నేను తడమలేదు" అన్నారు. "గొట్టంలోంచి చివర చూశాను, జబ్బు కనపడింది, ఇంక పైనేముందో పట్టించుకోలేదు."

ఆ మధ్యాహ్నం జూనియర్లనందరినీ పిలిచి ఆ ఎక్స్‌రే ఆయనే చూపించి, "ఇది నేను వదిలేశాను, మీరు వదలకండి" అని పాఠం చెప్పారు. అంత కోపిష్టి దగ్గర అన్నేళ్లు ఎలా పనిచేశావని చాలామంది అడిగారు. తప్పు తన దగ్గరుంటే తనే దాన్ని అందరి ముందూ పెట్టే మనిషి దగ్గర పనిచెయ్యడం తేలిక. తిట్లకి అలవాటు పడొచ్చు.

కరీముల్లా గారికి నేను చెప్పిన పద్ధతి ఇది. "బందరు కాలువ లాకుల దగ్గర గుర్రపుడెక్క పేరుకుంటే ఏమవుతుందండీ? పైన నీళ్లు నిలబడిపోతాయి. లాకుల సందుల్లోంచి బురద మాత్రం కారుతూ ఉంటుంది. ఆ కారేది చూసి కాలువ పారుతోందనుకుంటాం. మీ పేగు చివర వాచి బిగుసుకుంది. పైన సరుకంతా ఆగిపోయింది. వాచిన చోటి నుంచే రక్తం, జిగురు కారుతున్నాయి. మీరు దానికి విరేచనాలని పేరు పెట్టి, లాకులు ఇంకా బిగించే మాత్రలు మింగుతున్నారు."

ఆయన జుబేదా గారి వంక చూశారు. "అర్థమైంది" అన్నారు జుబేదా గారు ఆయన తరఫున.

ఫ్రిజ్‌లో మందు

అర్థం కావడం వేరు, ఒప్పుకోవడం వేరు. మలం మెత్తబడితే సగం పని. పేగు చివర వాపు తగ్గితే గానీ మిగతా సగం కాదు. దానికి మలద్వారంలో పెట్టుకునే మైనంలాంటి బిళ్లల మందు వాడాలి. ఆ మాట అనగానే కరీముల్లా గారు లేచి నిలబడ్డారు.

"నోటితో ఎన్ని మాత్రలైనా మింగుతానమ్మా. అది మాత్రం నా వల్ల కాదు."

"మంట గుమ్మం దగ్గరుందండీ. మీరేమో మందుని పెరటిగోడ దూకి రమ్మంటున్నారు."

ఆయన నవ్వలేదు. జుబేదా గారు నవ్వారు. "తలుపేసుకుని పెట్టుకోండి. నేనే చూడను, ఇంకెవరు చూస్తారు?" అన్నారు.

బెజవాడ ఎండలకి ఆ మందు మెత్తబడిపోతుందని వాళ్లు ఫ్రిజ్‌లో పెట్టారు. గుంటూరు నుంచి వచ్చిన జుబేదా గారి తమ్ముడు ఫ్రిజ్ తీసి, వెండిరంగు కాగితంలో ఉన్నవాటిని చూసి, కొత్తరకం చాక్లెట్లనుకుని విప్పబోయాడట. "వద్దు బావా, అవి నావి" అని కరీముల్లా గారు గది అవతలి నుంచి అరిచారట. ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన మొదటిసారి నా ముందు పగలబడి నవ్వారు. పేషెంటు తన జబ్బు మీద తనే జోకు వేశాడంటే సగం కోలుకున్నట్టే. ఇది ఏ పరీక్షలోనూ తేలదు.

తిండి విషయంలో నేను కొత్తగా చెప్పిందేమీ లేదు. వాపు ఎక్కువగా ఉన్నన్నాళ్లూ మెత్తటి అన్నం, పెరుగు, చెక్కు తీసి ఉడికించిన సొరకాయ, బీరకాయ. తగ్గాక కొంచెం కొంచెంగా పీచు. ఇసబ్‌గోల్ పొట్టు కూడా అప్పుడే, చిన్న చెంచాతో మొదలుపెట్టి, దాని వెంట నీళ్లు తాగగలిగితేనే. నీళ్లు తాగకుండా ఇసబ్‌గోల్ వేసుకుంటే లోపల అది కూడా గడ్డకట్టుకుని కూర్చుంటుంది. నీళ్ల సంగతి ఆయన తన పద్ధతిలో తేల్చేశారు. గొడౌను వెనక ఒక లెట్రిన్ కట్టించారు. హమాలీలు కూడా వాడుకుంటున్నారని జుబేదా గారు చెప్పారు.

కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం, ఓపీ కిటకిటలాడుతుండగా, కరీముల్లా గారు చీటీ కూడా తీసుకోకుండా నా గది తలుపు తోశారు.

"అయ్యిందమ్మా" అన్నారు.

బయట బెంచీల మీదున్నవాళ్లంతా ఆయన వంకే చూశారు. ఏమయిందో ఎవరికీ తెలియదు, ఆ మొహంలో వెలుగు చూసి కొందరు నవ్వారు. ఆ శుక్రవారం ఆయన మసీదుకి వెళ్లారు. అక్కడ నమాజు చదివించే హజ్రత్ గారిని అడిగితే, జబ్బు మనిషికి నియమాల్లో వెసులుబాటు ఉందని చెప్పారట. "ఏడాది కింద అడిగి ఉంటే సరిపోయేది. ఇలాంటిది ఎలా అడగడం అని సిగ్గుపడ్డాను" అన్నారు.

జబ్బు పూర్తిగా పోయిందని రాయను. అది పోయే రకం కాదు. మధ్యమధ్యలో మళ్లీ ఎగదన్నేది. కానీ ఎగదన్నినప్పుడు ఏం చెయ్యాలో ఆయనకి తెలిసింది. ఈ జబ్బులో గెలవడం అంటే అంతే.

బెంచీ మీద సలహాలు

బాగుపడిన పేషెంటుకి సలహా ఇవ్వకుండా ఉండటం కష్టం. కరీముల్లా గారు మా వెయిటింగ్ హాలుకి అనధికారిక డాక్టరయ్యారు. పక్కన కూర్చున్నవాళ్లని ఆప్యాయంగా పలకరించి, సంగతి కనుక్కుని, ధైర్యం చెప్పేవారు. నాకది నచ్చేది. నేను గంటసేపు చెప్పినా పోని భయం, తనలాంటి మనిషి పక్కన కూర్చుని చెబితే పోతుంది.

అలా ఆయనకి పరిచయమైన మనిషి కమలా రాణి గారు. పామర్రు దగ్గర హైస్కూల్లో హిందీ టీచరు. సన్నటి మనిషి, మా దగ్గరికొచ్చేసరికి ఇంకా చిక్కిపోయి ఉన్నారు. అన్నం తిన్న కాసేపటికి బొడ్డు దగ్గర మెలిపెట్టే నొప్పి, పొట్టలో గడబిడమని చప్పుడు, తర్వాత మలబద్ధకం. అంతకుముందు ఎవరో పేగు క్షయ అనుకుని కోర్సంతా మందులు వాడించారు. తగ్గలేదు. నాకు అనుమానం వేరే జబ్బు మీద ఉంది. కరీముల్లా గారి జబ్బుకి దాయాది లాంటిదే, కానీ ఇది పేగు గోడ మందమంతా పట్టి, లోపలి దారిని సన్నం చేసేస్తుంది. పేగు దారి కనపడేలా బేరియం అనే తెల్లటి ద్రవం తాగించి ఎక్స్‌రే తీయడానికి రోజు ఖరారు చేసి, అప్పటిదాకా జావలాంటివే తినమన్నాను.

ఆవిడ మందుల కోసం బెంచీ మీద ఎదురుచూస్తుంటే కరీముల్లా గారు పలకరించారు. "మీదీ పేగు వాపేనా టీచరుగారూ? మోషన్ ఫ్రీగా అవ్వట్లేదా? భయపడకండి, నాదీ అదే. డాక్టరమ్మ నన్ను నిలబెట్టింది. ఇసబ్‌గోల్ వేసుకోండి. ఆకుకూరలు బాగా తినండి."

జావ తాగి తాగి విసిగిన ఆవిడకి ఆ మాట ఎంత తియ్యగా వినపడి ఉంటుందో ఊహించగలను. ఇసబ్‌గోల్ పెద్ద చెంచాలతో మొదలుపెట్టారు. తోటకూర వండించుకున్నారు. జామకాయలు కూడా తిన్నారు.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన మధ్యలోనే ఆవిడకి పొట్ట పట్టేసింది. భర్త ప్రభాకర్ గారు టాక్సీలో తీసుకొచ్చేసరికి పొట్ట డోలులా బిగిసి ఉంది. ఆకుపచ్చగా వాంతులు. కింది నుంచి గాలి పోవడం కూడా ఆగిపోయింది. సన్నబడిన దారిలో ఆ పీచంతా ఉబ్బి అడ్డం పడింది.

ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి లోపలున్నది బయటికి తీశాం. సెలైన్ పెట్టాం. వాపు తగ్గే ఇంజెక్షన్లు ఇచ్చి చూశాం. ముక్కులో ఆ గొట్టం ఉండగానే ఆవిడ జరిగింది చెప్పారు. చెప్పి, "ఆయన్ని ఏమీ అనకండి మేడం. నా మంచి కోరే చెప్పారు" అన్నారు.

దారి తెరుచుకోలేదు. సర్జన్‌గారు సన్నబడిన ముక్క తీసేసి పేగుని మళ్లీ కలిపారు. పరీక్షకి పంపిన ముక్కలో నేను అనుమానించిన జబ్బే తేలింది.

గాలి

కరీముల్లా గారికి ఈ సంగతి ఆయన చెకప్‌కి వచ్చిన రోజే తెలిసింది. మా నర్సు చెప్పేసింది. ఆయన నా గదిలోకి రాలేదు. వార్డు బయట ప్రభాకర్ గారి పక్కన కూర్చుని, "మీ ఇంటావిడకి ఇసబ్‌గోల్ చెప్పింది నేనేనండీ" అన్నారు.

ప్రభాకర్ గారు ఆయన వైపు తిరిగారు. కోప్పడతారేమోనని నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. "ఉదయం నుంచి ఏమైనా తిన్నారా మీరు?" అన్నారు ప్రభాకర్ గారు. ఫ్లాస్కులోంచి టీ వంచి ఇచ్చారు. ఆ తర్వాత కరీముల్లా గారు రోజూ వచ్చి ఆ బెంచీ మీద జపమాల తిప్పుకుంటూ కూర్చునేవారు. జుబేదా గారు ప్రభాకర్ గారికి కూడా క్యారేజీ పంపేవారు.

పొట్ట ఆపరేషన్ తర్వాత డాక్టర్లందరం ఒకే కబురు కోసం చూస్తాం. లోపలి నుంచి గాలి వెళ్లిందా లేదా. గాలి వెళ్లిందంటే పేగు మేలుకున్నట్టు. ప్రతి రౌండులో సర్జన్‌గారు కమలా రాణి గారిని అడిగేవారు. జీవితమంతా క్లాసులో పిల్లల్ని మర్యాదగా కూర్చోమని చెప్పిన మనిషి, అందరి ముందూ ఆ ప్రశ్నకి తల అడ్డంగా ఊపడానికే ఇబ్బంది పడేవారు. ఒక ఉదయం నేను ఒక్కదాన్నే వెళ్లినప్పుడు దుప్పటి గడ్డం దాకా లాక్కుని, "వెళ్లింది మేడం" అన్నారు మెల్లగా.

నేను వరండాలోకి వచ్చి చెప్పాను. ప్రభాకర్ గారు "ప్రభువుకి స్తోత్రం" అన్నారు. కరీముల్లా గారు "అల్‌హమ్దులిల్లా" అని లేచి, మెట్లు దిగి వెళ్లిపోయారు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో మిఠాయి పెట్టెలున్నాయి. నర్సులకి, వార్డుబాయ్‌లకి, పక్క వార్డు వాళ్లకి పంచారు.

"ఏంటండీ శుభవార్త?" అని ఎవరో అడిగారు.

ఆయన ఒక్క క్షణం తడబడ్డారు. "టీచరుగారికి ప్రమోషన్" అన్నారు.

ఆ మాట విని లోపల కమలా రాణి గారు కుట్లు పట్టుకుని నవ్వారు. నవ్వించొద్దని సర్జన్‌గారు ఆయన్ని కోప్పడ్డారు.

ఇక్కడ మీకు చెప్పాల్సింది ఒకటుంది. మలబద్ధకం అనగానే మన చెయ్యి ఇసబ్‌గోల్ వైపు వెళ్తుంది. పేగు జబ్బున్న మనిషికి అది రాసేముందు దారి తెరిచి ఉందా, సన్నబడిందా తేల్చుకోండి. పొట్ట ఉబ్బి, మెలిపెడుతూ, వాంతులవుతూ, గాలి కూడా ఆగిపోతే ఇంట్లో ఏ మందూ వెయ్యొద్దు, వెంటనే ఆసుపత్రికి రమ్మని ముందే చెప్పి పంపండి. పక్కవాళ్లకి మంచిమాట చెప్పండి, మందు మాత్రం చెప్పకండి అని కూడా చెప్పండి. కరీముల్లా గారు ఆ తర్వాత బెంచీ మీద ఈ మాటే చెప్పేవారు. "నీ జబ్బు నీది, నా జబ్బు నాది. లోపలికెళ్లి డాక్టరమ్మనే అడుగు" అనేవారు. ధైర్యం చెప్పడం మాత్రం మానలేదు.

ప్రయాణం

కొన్నేళ్ల తర్వాత కరీముల్లా గారికి, జుబేదా గారికి హజ్ ప్రయాణం కుదిరింది. ఆ మాట ఆయన నాకు భయంభయంగా చెప్పారు. అంత జనంలో, అంత ఎండలో జబ్బు తిరగబెడితే ఎలా అన్నది ఆయన బెంగ. వెళ్లడానికి చాలా నెలల ముందు నుంచే సిద్ధం చేశాం. జబ్బు సద్దుమణిగి ఉందో లేదో గొట్టం వేసి చూశాను. మందులు చేతిసంచిలో కొన్ని, పెట్టెలో కొన్ని పెట్టుకోమన్నాను. అక్కడ ఆయన నీళ్లు తాగడం మానకుండా చూసే పని జుబేదా గారికి ఒప్పజెప్పాను.

బయల్దేరే ముందు చెకప్ రోజునే కమలా రాణి గారు కూడా వచ్చారు. మళ్లీ స్కూలుకి వెళ్తున్నారు, ఒళ్లు కాస్త తేరుకుంది, మందులు మాత్రం తప్పవు. కరీముల్లా గారు ఆవిడ దగ్గరికి వెళ్లి, "అక్కడ మీకోసం ఏం అడగమంటారు టీచరుగారూ?" అన్నారు.

"ఏం అడుగుతారండీ. పొట్ట సుఖంగా ఉంటే చాలు. అలాంటివి అక్కడ అడగొచ్చా?"

"ఎందుకు అడక్కూడదు? పొట్ట చేసింది ఎవరు?" అన్నారు ఆయన.

తిరిగొచ్చాక ఖర్జూరాల పెట్టెతో ఇద్దరూ ఆసుపత్రికి వచ్చారు. ఎండకి నల్లబడ్డారు గానీ ఆరోగ్యంగా ఉన్నారు. కమలా రాణి గారిని కూడా ఆ రోజే రమ్మని ఫోను చేశారట. నా గదిలోనే నలుగురం కూర్చున్నాం.

"అడిగారా అండీ నాకోసం?" అన్నారు కమలా రాణి గారు.

"అడిగానమ్మా. అరబ్బీలో ఎలా అడగాలో తెలియలేదు. తెలుగులోనే అడిగాను. పామర్రు టీచరుగారి పేగు ఎప్పుడూ అడ్డం పడకూడదని."

ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. "మరి మీకోసం?"

కరీముల్లా గారు ఆలోచించారు. జుబేదా గారి వంక తిరిగారు. "నాకోసం అడగడం మర్చిపోయానే" అన్నారు.

"నేను అడిగాను లెండి" అన్నారు జుబేదా గారు, ఖర్జూరాల పెట్టె విప్పుతూ. "టీచరుగారూ, మీరు మాత్రం ఒక్కటే తినండి. మెత్తగా నమలండి."